ముందు నీరు.. ఆ తరువాతే ఊరు
జిల్లా కేంద్రంగా మార్కాపురం: పశ్చిమ ప్రకాశం పాత ప్రకటనలు నేర్పుతున్న పాఠాలు

మార్కాపురం: దశాబ్దాల నిరీక్షణ అనంతరం మార్కాపురానికి జిల్లా కేంద్ర హోదా దక్కింది. మార్కాపురం, గిద్దలూరు, ఎర్రగొండపాలెం, కనిగిరి నియోజకవర్గాలతో కూడిన కొత్త జిల్లాకు 2025 నవంబరులో ప్రాథమిక ప్రకటన వెలువడగా, సంవత్సరాంతానికి తుది రూపు వచ్చింది. కార్యాలయాలు, వాటి వెంట ఉద్యోగులు, వారి వెంట వ్యాపారాలు తరలిరావడం సహజం. 2011 జనాభా లెక్కల ప్రకారం 71 వేల మంది నివసించిన పట్టణం ఈ భారాన్ని పాత వీధులతో మోయజాలదు. శివార్లలో ప్రణాళికాబద్ధమైన వ్యాపార, నివాస ప్రాంతం అవసరమన్నది నిర్వివాదాంశం. అయితే దానిని ఏ వరుసలో నిర్మిస్తారన్నదే అసలు ప్రశ్న. హద్దురాళ్లు ముందు పాతి నీటి సంగతి తరువాత చూద్దామనే ధోరణి ఈ ప్రాంతానికి ఇదివరకే ఖరీదైన అనుభవాలను మిగిల్చింది.

దూరమే తెచ్చిన డిమాండు

1970 ఫిబ్రవరి 2న ఒంగోలు జిల్లా ఏర్పడే వరకు మార్కాపురం, గిద్దలూరు ప్రాంతాలు కర్నూలు జిల్లాలో ఉండేవి. నల్లమల అంచున ఉన్న ఈ మెట్ట ప్రాంతాన్ని తీరప్రాంతంతో కలిపి కొత్త జిల్లా చేశారు. 1972లో దానికి ప్రకాశం పేరు పెట్టారు. జిల్లా మారినా దూరాభారం తగ్గలేదు. మార్కాపురం నుంచి ఒంగోలుకు దాదాపు వంద కిలోమీటర్లు కాగా, గిద్దలూరు వాసులకు అది 150 కిలోమీటర్లకు చేరువ. చిన్న అర్జీకి సైతం ఒక రోజు కూలి, రానుపోను బస్సు చార్జీలు వదులుకోవలసి వచ్చేది. 2022 ఏప్రిల్ 4న రాష్ట్రంలో జిల్లాల సంఖ్య 13 నుంచి 26కు పెరిగినప్పుడు సైతం మార్కాపురానికి చోటు దక్కలేదు. అప్పుడు రగిలిన అసంతృప్తే కొత్త జిల్లా డిమాండుకు ఊపిరి పోసింది.

దొనకొండ చెప్పే కథ

ప్రకటనకు, పట్టణానికి మధ్య ఎంత దూరం ఉంటుందో చెప్పడానికి దొనకొండను మించిన ఉదాహరణ లేదు. మీటరుగేజి కాలంలో ఇక్కడ లోకోషెడ్, దాని చుట్టూ రైల్వే కాలనీ ఉండేవి. రైల్వే ఉద్యోగం, జీతం ఉన్నందునే ఆ కాలనీ కళకళలాడింది. బ్రాడ్‌గేజి రాకతో ఆవిరి ఇంజన్ల కాలం ముగిసింది, షెడ్ మూతపడింది, కాలనీ బోసిపోయింది. ఇళ్లు ఉన్నంత మాత్రాన ఊరు నిలవదని, ఉపాధే ఊరికి ప్రాణమని చాటిన తొలి పాఠమిది.

రెండో పాఠం 2014లో ఎదురైంది. విస్తారమైన ప్రభుత్వ భూములు, బ్రిటిష్ కాలంనాటి విమానాశ్రయ స్థలం ఉన్నందున రాష్ట్ర రాజధానికి దొనకొండ పేరు బలంగా వినిపించింది. భూముల ధరలు రాత్రికి రాత్రే ఆకాశాన్నంటాయి. అదే ఏడాది సెప్టెంబరు 4న విజయవాడ పరిసరాల్లో రాజధాని ఉంటుందని శాసనసభలో ప్రకటించడంతో వేడి చల్లారింది. బయానాలు ఇచ్చినవారు, పొలం తెగనమ్ముకున్నవారు చేతులు కాల్చుకున్నారు. దొనకొండకు పారిశ్రామిక నగరం ఇస్తామన్న హామీ అప్పుడే వెలువడింది.

కనిగిరి ప్రాంతంలో ప్రతిపాదించిన జాతీయ పెట్టుబడుల, ఉత్పాదక మండలి కథా ఇంచుమించు ఇదే. కేంద్రం 2011లో ప్రకటించిన ఉత్పాదక విధానం ప్రకారం ఇటువంటి మండలి కేవలం పరిశ్రమల పేట కాదు. కనీసం 5 వేల హెక్టార్లలో కర్మాగారాలు, ఇళ్లు, బడులు, ఆసుపత్రులు కలగలిసిన పట్టణం. పామూరు, పీసీపల్లి మండలాల్లో 14 వేల ఎకరాలకు పైగా ఇందుకు గుర్తించారు. దశాబ్దం గడచినా అక్కడ పట్టణం వెలవలేదు.

ఇదే రాష్ట్రంలో శ్రీసిటీ నిలబడిన తీరును దీనితో పోల్చి చూడవచ్చు. 2008లో మొదలైన ఈ పారిశ్రామిక పట్టణానికి చెన్నై మహానగరం 55 కిలోమీటర్ల దూరంలోనే ఉంది. జాతీయ రహదారి, ఓడరేవులు చేరువలో ఉన్నాయి. కర్మాగారాలు వచ్చాయి, వాటి వెంట ఇళ్లు వచ్చాయి. పశ్చిమ ప్రకాశానికి అటువంటి మహానగరం పొరుగున లేదు. కనుక ఇక్కడ ప్రభుత్వం వేసే పునాదే కీలకం.

గొంతు తడవనిదే నగరమెక్కడ?

ఈ ప్రాంత పూర్వులకు వరుస తెలుసు. గుండ్లకమ్మకు అడ్డంగా రెండు కొండల నడుమ కట్టిన కంభం చెరువు విజయనగర కాలం నాటిది. గజపతుల ఆడపడుచు వరదరాజమ్మ కట్టించినట్లు ప్రతీతి. ముందు చెరువు నిలిచింది, దానిని ఆశ్రయించి పొలం, పొలాన్ని ఆశ్రయించి ఊరు బతికాయి. 2020లో ఈ చెరువుకు ప్రపంచ వారసత్వ సాగునీటి కట్టడంగా గుర్తింపు లభించింది.

నేటి పరిస్థితి ఇందుకు భిన్నం. వర్షాధార మెట్ట సేద్యం, అడుగంటుతున్న బోర్లు, ఫ్లోరైడ్ కలిసిన భూగర్భజలం పశ్చిమ మండలాల నిత్య సమస్యలు. తాగునీటిలో ఫ్లోరైడ్ లీటరుకు 1.5 మిల్లీగ్రాములు మించరాదన్నది ప్రమాణం. బోరు నీటిని నమ్ముకొని వెలిసే కాలనీ వేసవిలో ట్యాంకరుకు, తరువాత ఆసుపత్రికి ఖర్చు పెట్టవలసిందే.

శాశ్వత పరిష్కారంగా చెబుతున్న పూల సుబ్బయ్య వెలిగొండ ప్రాజెక్టుకు 1996లో శంకుస్థాపన జరిగింది. శ్రీశైలం జలాశయం నుంచి 43.5 టీఎంసీల వరదనీటిని మళ్లించి, 4.47 లక్షల ఎకరాలకు సాగునీరు, 15.25 లక్షల మందికి తాగునీరు ఇవ్వడం లక్ష్యం. నల్లమల కింద 18 కిలోమీటర్లకు పైగా పొడవున తవ్విన జంట సొరంగాలను 2024 మార్చి 6న జాతికి అంకితం చేశారు. ఆ నీటిపైనే ఆధారపడిన రూ.1,290 కోట్ల తాగునీటి పథకానికి 2025 జులైలో శంకుస్థాపన జరిగింది. అంటే జిల్లా కేంద్రం భవిష్యత్తు నల్లమల సాగర్ నిండటంతో ముడిపడి ఉంది.

నిర్వాసితుల కాలనీలే గీటురాయి

నల్లమల సాగర్ నిండాలంటే సుంకేసుల, కలనూతల, గుండంచర్ల, గొట్టిపడియ, అక్కచెరువు తదితర 11 గ్రామాల ప్రజలు ఊళ్లు ఖాళీ చేయాలి. వీరి కోసం తలపెట్టిన పునరావాస కాలనీలు ఈ ప్రాంతంలో ప్రభుత్వం చేపట్టిన ప్రణాళికా ఆవాసాలు. పరిహారం, ఇళ్ల స్థలాలు, రోడ్లు, కొళాయిలు, బడి, శ్మశానం వరకు అన్నీ ముందే సమకూర్చవలసిన బాధ్యత సర్కారుదే. ఏళ్లు గడిచినా ఈ లెక్క పూర్తిగా తేలకపోవడం ఆందోళనకరం. ఊరు కోల్పోయే వారికి ఊరు కట్టి ఇవ్వలేని యంత్రాంగం, కొత్తగా వచ్చేవారికి నగరం కట్టి చూపుతుందా అన్న సందేహం అసమంజసం కాదు. పైగా వారి పునరావాసం పూర్తి కానిదే పట్టణానికి నీరు రాదు. అందరికంటె ముందు తీర్చవలసిన బాకీ ఇదే.

బలాలు లేకపోలేదు

నిరాశ పడవలసిన పని లేదు. మార్కాపురం మీదుగా 565వ నంబరు జాతీయ రహదారి సాగుతోంది. గిద్దలూరు, కంభం మీదుగా అనంతపురం-గుంటూరు రహదారి ఉంది. దాదాపు 400 కిలోమీటర్ల గుంటూరు-గుంతకల్లు రైలుమార్గం డబ్లింగ్ దొనకొండ, మార్కాపురం, కంభం, గిద్దలూరు స్టేషన్లకు మేలు చేస్తుంది. నడికుడి-శ్రీకాళహస్తి మార్గం పొదిలి, కనిగిరి, పామూరులకు తొలిసారి రైలును తెస్తుంది.

ఉపాధి విషయంలో పలకల పరిశ్రమ ఉంది. ఒకప్పుడు దేశంలోని బడిపిల్లల చేతుల్లో మార్కాపురం పలక ఉండేది. నోటుపుస్తకాలు, ప్లాస్టిక్ పలకల రాకతో ఆ గిరాకీ తగ్గగా, నేలకు, గోడలకు పరిచే పలకరాయిగా విదేశాలకు ఎగుమతి అవుతోంది. కొత్త వ్యాపార ప్రాంతంలో పలకరాయి కోత, మెరుగు యూనిట్లకు స్థలం, కరెంటు, కార్మికుల ఆరోగ్య రక్షణ కల్పిస్తే స్థానికులకే పని దొరుకుతుంది. గిద్దలూరు, కంభం ప్రాంతాల రైతులకు గోదాములు, శీతల గిడ్డంగులు అవసరం.

చేయవలసిందేమిటి?

కలెక్టరేటు ఎక్కడ వస్తే పట్టణం అటే పెరుగుతుంది. 2016లో తెలంగాణలో కొత్త జిల్లాలు ఏర్పడినప్పుడు సమీకృత కలెక్టరేట్లు పట్టణాల వెలుపల కట్టిన చోట్ల ఇదే జరిగింది. కావున స్థలం ఎంపిక రహస్యంగా కాక బహిరంగంగా జరగాలి. ముందుగా మాస్టర్‌ప్లాన్, అందులో నీటి పైపులైను, మురుగు కాలువలు, చెరువుల హద్దులు ఖరారు కావాలి. వాగులు, కుంటలు పూడ్చి వేసే లేఅవుట్లను మొదటి రోజే అడ్డుకోవాలి. ఉద్యోగుల క్వార్టర్లతో పాటు హమాలీలకు, పలకల కార్మికులకు, చిరువ్యాపారులకు అందుబాటు ధరలో ఇళ్లు ఉండాలి. లేకుంటే కొత్త పట్టణం పక్కనే కొత్త మురికివాడ వెలుస్తుంది.

కొనుగోలుదారులూ అప్రమత్తంగా ఉండాలి. 500 చదరపు మీటర్లు లేదా ఎనిమిది ఫ్లాట్లు మించిన వెంచర్లు 2016 నాటి స్థిరాస్తి చట్టం కింద నమోదు కావాలి. లేఅవుటులో పది శాతం ఖాళీ స్థలాన్ని స్థానిక సంస్థకు అప్పగించాలి. రంగుల కరపత్రంలో పార్కు బొమ్మ ఉంటే చాలదు, అది పురపాలక సంఘం పేరిట రిజిస్ట్రేషన్ అయిందో లేదో చూసుకోవాలి.

జిల్లా హోదా పోరాడి సాధించుకున్నది. దానిని కొద్దిమంది స్థిరాస్తి వ్యాపారుల లాభానికి వదిలేస్తే దొనకొండ కథే పునరావృతమవుతుంది. వెలిగొండ నీరు, నిర్వాసితులకు న్యాయం, స్థానికులకు పని అన్న వరుసలో అడుగులు వేస్తే మాత్రం నల్లమల అంచున నిజమైన నగరం నిలుస్తుంది. పాలకులు ఏ దారి ఎంచుకుంటారన్నది కలెక్టరేటు భవనానికి కొబ్బరికాయ కొట్టే రోజున కాదు, పట్టణంలో చివరి వీధి కొళాయికి నీరు అందిన రోజున తేలుతుంది.