మూలరూపమా? ప్రాణరక్షణమా?
1964లో అమెరికాలో వెలువడిన ఫోర్డ్ మస్టాంగ్ కన్వర్టిబుల్‌ను ఇంటి షెడ్డులోనే పునరుద్ధరించేవారు నేటికీ అక్కడ ఉన్నారు. స్థిరమైన పైకప్పు లేని ఆ కారుకు తలుపుల కింది ఉక్కు దూలాలే వెన్నెముక. తుప్పు తిన్న దూలాన్ని కోయకముందే తలుపుల చోట అడ్డుకమ్మీలు అతకాలి. లేకుంటే నడుము కుంగి, తలుపులు మరి పట్టవు. రంగుల మోజులో దీనిని ఉపేక్షించడం అవివేకం.

మూలరూపాన్ని ఇసుమంతైనా మార్చరాదని శుద్ధవాదులంటారు. రంగు, ఆసనాల విషయంలో అది సమంజసమే. బ్రేకుల విషయంలో కాదు. 1966 నమూనా వరకు నాలుగు చక్రాల బ్రేకులకూ ద్రవమార్గం ఒక్కటే. ఎక్కడ గొట్టం పగిలినా నాలుగూ విఫలమౌతాయి. 1967 నమూనాలో తయారీదారే దానిని రెండుగా విభజించాడు. అతడే దిద్దుకొన్న లోపాన్ని సంప్రదాయం పేర కాపాడుతూ ఆలుబిడ్డలను ఎక్కించుకొని రహదారికెక్కడం ఏపాటి భక్తి? కొత్తది అమర్చి, పాతదానిని పెట్టెలో దాచుకోవచ్చును.