కార్టూన్‌ను దాటేసి చదవకండి

పాలిటీ పుస్తకంలో కార్టూన్ కనిపిస్తే మీలో చాలామంది పేజీ తిప్పేస్తారు. మీ నోట్స్‌లో ఆర్టికల్ 123 ఉంటుంది, 1975 డిసెంబరులో అబూ అబ్రహం ఇండియన్ ఎక్స్‌ప్రెస్‌లో వేసిన బొమ్మ ఉండదు. రాష్ట్రపతి స్నానపు తొట్టిలోంచే ఆర్డినెన్సుపై సంతకం పెట్టి అందిస్తాడు. ఇంకా ఏమైనా ఉంటే కాస్త ఆగమనండి అంటాడు. ఎమర్జెన్సీలో 'రాష్ట్రపతి సంతృప్తి' ఎంతకు దిగజారిందో ఇంతకంటే సూటిగా ఏ కోచింగ్ మెటీరియల్ చెప్పింది?

బొమ్మలు పిల్లలకే అంటారా? మరి 2012లో పార్లమెంటు ఎందుకు అట్టుడికింది? 11వ తరగతి ఎన్‌సీఈఆర్‌టీ పుస్తకంలో శంకర్ 1949 నాటి కార్టూన్ అప్పట్లో ఉండేది: రాజ్యాంగమనే నత్తపై అంబేడ్కర్, వెనక కొరడాతో నెహ్రూ. గొడవ ముదిరి సలహాదారులు యోగేంద్ర యాదవ్, సుహాస్ పల్షీకర్ రాజీనామా చేశారు. ఆ కొరడా దళిత విద్యార్థికి గుచ్చుకోవడం సహజమే, దాన్ని తేలిగ్గా తీసేయకండి. అయినా బొమ్మను తీసేస్తే చర్చే పోతుంది. రాజ్యాంగ రచనకు పట్టిన దాదాపు మూడేళ్లు జాప్యమా, ఓపికా? ఆ పుస్తకాల్లో ఉన్ని, మున్ని పక్కన నిలబడి ఇలాంటి కొంటె ప్రశ్నలే వేస్తుంటారు. వాటికి ఒక్కసారైనా జవాబు రాసి చూశారా?