స్టేషన్ దిగాక అసలు ప్రయాణం

చైతన్యపురి మెట్రో స్టేషన్. సాయంత్రం ఆరున్నర. ఓ పెద్దావిడ చేతిలో సంచీతో మెట్లు దిగారు. అమీర్‌పేట నుంచి ఇక్కడిదాకా చల్లగా కూర్చుని వచ్చేశారు. ఇల్లు పది నిమిషాల నడక. అసలు ప్రయాణం ఇప్పుడే మొదలైంది.

ముందు బైకుల వరస. దాన్ని దాటితే ఓ దుకాణం వాళ్లు కార్ల కోసం వేసుకున్న ర్యాంపు. తర్వాత ట్రాన్స్‌ఫార్మరు, దాని చుట్టూ కంచె. ఇంకాస్త ముందుకెళితే ఫుట్‌పాత్ కనిపిస్తుంది, కానీ దాదాపు మోకాలెత్తు. కష్టపడి ఎక్కితే నాలుగడుగులకే దిగాలి. చివరికి ఆవిడ కూడా అందరూ చేసే పనే చేశారు. రోడ్డు మీదికి దిగి, వెనక వచ్చే బండ్లను చెవులతో చూసుకుంటూ నడిచారు.

అమీర్‌పేట–ఎల్బీనగర్ మెట్రో 2018 సెప్టెంబర్ 24న మొదలైంది. దిల్‌సుఖ్‌నగర్, చైతన్యపురి, విక్టోరియా మెమోరియల్ దగ్గర దిగే జనానికి అదో పెద్ద వరం. అయితే రైలెక్కాలన్నా, బస్సెక్కాలన్నా ముందు నడవాలి. దిగాక మళ్లీ నడవాలి. కారున్నాయన కూడా పార్కింగ్ నుంచి బట్టల షాపు దాకా కాళ్లతోనే వెళ్లాలి. అయినా రోడ్డు లెక్కల్లో నడక ప్రయాణం కిందికి రాదు. బండ్లకు పోగా మిగిలిన జాగా ఫుట్‌పాత్. అది మిగలకపోతే అడిగేవాడు లేడు.

చిత్రమేమిటంటే, చైతన్యపురి పాత చరిత్రలోనూ నడిచేవాళ్లే ఉన్నారు. మూసీ ఒడ్డున కొసగుండ్ల నరసింహస్వామి గుడి దగ్గర విష్ణుకుండినుల కాలం నాటి ప్రాకృత శాసనం ఉంది. గోవిందరాజ విహారం పేరు, భిక్షాటనతో బతికే బౌద్ధ భిక్షువుల ప్రస్తావన అందులో కనిపిస్తాయి. పాత్ర పట్టుకుని ఇల్లిల్లూ తిరిగిన ఆ భిక్షువులు ఇప్పుడొస్తే హైవే దాటి కొత్తపేట వైపు వెళ్లగలరా అన్నది అనుమానమే.

ఆ హైవే సంగతే చూద్దాం. ఒక వైపు మూడు లేన్లంటే సుమారు పది మీటర్లు. కుర్రాడైతే ఎనిమిది తొమ్మిది సెకన్లలో దాటేస్తాడు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లకు పదమూడు సెకన్లయినా పడుతుంది. గంటకు 50 కిలోమీటర్ల వేగంతో వచ్చే బండి ఆ పదమూడు సెకన్లలో 180 మీటర్లు దూసుకొస్తుంది. అంటే అడుగు వేసేటప్పుడు ఎక్కడో దూరంగా ఉన్న బస్సు, అవతలికి చేరేలోపే మీద పడుతుంది. తప్పు పెద్దాయన తొందరది కాదు, ఆ రోడ్డుది. 2022లో దేశంలో రోడ్డు ప్రమాదాల్లో 1,68,491 మంది చనిపోతే వారిలో 32,825 మంది కాలినడకన వెళుతున్నవాళ్లు. రోజుకు తొంభై మంది!

‘వంతెన ఉందిగా, స్టేషన్ ఎక్కి అవతల దిగొచ్చుగా’ అంటారు. నిజమే, ఉప్పల్ లాంటి కూడలిలో 2023లో కట్టిన 660 మీటర్ల స్కైవాక్ ఎంతో మేలు. కానీ పాలప్యాకెట్ కోసం రోడ్డు దాటాల్సిన మనిషిని ప్రతిసారీ రెండంతస్తులు ఎక్కి దిగమనడం న్యాయమా? బండ్లు ఓ అరనిమిషం ఆగితే సరిపోయే చోట నేల మీదే సిగ్నలున్న జీబ్రా గీతలు కావాలి. కోచింగ్ సెంటర్లు, హాస్టళ్ల పిల్లలు గుంపులుగా రోడ్డు దాటే చోటైతే మరీనూ.

ఫుట్‌పాత్ మాట ఎత్తగానే అందరి చూపూ తోపుడుబండ్ల మీద పడుతుంది. వాళ్లను తరిమేస్తే సమస్య తీరిందనుకోవడం తేలిక. కానీ జామకాయల బండి రాత్రి వెళ్లిపోతుంది, ట్రాన్స్‌ఫార్మరు వెళ్లదు. పైగా రాత్రి తొమ్మిదింటికి ఒంటరిగా నడిచే ఆడపిల్లకు ఆ బండి మీది దీపమే ధైర్యం. వీధి వ్యాపారుల కోసం 2014లోనే కేంద్ర చట్టం వచ్చింది. వాళ్లకు చోటు చూపించాలని, ఆ పని చేయడానికి పట్టణ కమిటీలు ఉండాలని అది చెబుతోంది. ఆ చోటు చూపించాక నడిచేదారి ఖాళీ చేయమంటే అర్థముంటుంది.

‘షాపు ముందు కారు ఆగకపోతే బేరాలెలా?’ అన్న భయమూ ఉంటుంది. చీరల కోసం చెన్నై టీనగర్ వెళ్లొచ్చే మనవాళ్లు పాండీబజార్‌ను చూసే ఉంటారు. 2019లో అక్కడ బండ్ల దారి తగ్గించి, రెండు వైపులా నడిచే దారిని విశాలంగా చేశారు. సంచులు మోసేవాళ్లు కాసేపు కూర్చోవడానికి బల్లలూ వేశారు. దిల్‌సుఖ్‌నగర్‌కు అలాంటిది పనికిరాదని ఎందుకనుకోవాలి?

మన హైదరాబాద్‌లోనే కాంతిమతి కన్నన్ ‘రైట్ టు వాక్ ఫౌండేషన్’ పేరుతో నడిచేవాళ్ల హక్కు గురించి ఏళ్ల తరబడి అడుగుతూ వచ్చారు. 2025 మే 14న సుప్రీంకోర్టు కూడా ఫుట్‌పాత్‌ల మీద నడిచే హక్కు రాజ్యాంగం 21వ అధికరణంలోని జీవించే హక్కులో భాగమేనంది. ఆ ధర్మాసనంలోని ఇద్దరిలో ఒకరు జస్టిస్ ఉజ్జల్ భూయాన్, గతంలో తెలంగాణ హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి.

ఇండియన్ రోడ్స్ కాంగ్రెస్ ప్రమాణాల ప్రకారం అడ్డంకుల్లేని ఫుట్‌పాత్ కనీసం 1.8 మీటర్ల వెడల్పుండాలి. అంటే దాదాపు ఆరడుగులు. రెండు చక్రాల కుర్చీలు ఎదురెదురుగా వచ్చినా తప్పుకునేంత. ఎత్తు 15 సెంటీమీటర్లు మించకూడదు. కాలనీ సంఘం వాళ్లు ఓ ఆదివారం పొద్దున టేపు పట్టుకుని ఇంటి నుంచి స్టేషన్ దాకా కొలిస్తే చాలు. ఎక్కడ ఆరడుగులుంది, ఎక్కడ రెండడుగులుంది, ఎక్కడ అసలే లేదు... ఫొటోలతో సహా వార్డు ఆఫీసులో ఇచ్చి రసీదు తీసుకోవచ్చు. ఆ రోడ్డులో ఫుట్‌పాత్‌కు ఎంత ఖర్చు పెట్టారో సమాచార హక్కు చట్టం కింద అడగొచ్చు. ‘ఫుట్‌పాత్ బాగాలేదు’ అన్న ఫిర్యాదును పక్కన పెట్టేయడం సులువు. ‘ఫలానా స్తంభం దగ్గర రెండడుగులే ఉంది’ అన్న కాగితానికి మాత్రం ఏదో ఒక జవాబు రాయాలి.

పది నిమిషాల దారి ఇరవై నిమిషాలు నడిచి పెద్దావిడ ఇల్లు చేరారు.

‘ఆటో ఎక్కి రావచ్చుగా అమ్మమ్మా’ అంది మనవరాలు.

‘అడిగానే. ఇంత దగ్గరికి రానన్నాడు.’