కలివి పొదల చాటున

సెలవులకు ఎక్కడికైనా తీసుకువెళ్ళండని ఇంట్లో పోరు మొదలైతే మనకు తోచేవి రెండే: కొండమీద దేవుడు, కాకపోతే సముద్రం. పక్షుల సరదా వున్నవాళ్ళు మరికాస్త ముందుకుపోయి నేలపట్టు, పులికాట్, కోరింగ అంటారు. కర్నూలు, కడప సీమకు సముద్రం లేదు. ఇక్కడ చూడటానికేముంది, రాళ్ళూ రప్పలూ కంపచెట్లూ తప్ప, అని అక్కడివాళ్ళే అంటారు. ఈ వారం ఆ కంపచెట్లనే చూసొద్దాం రండి.

ముందు రోళ్లపాడు. నందికొట్కూరు నుంచి మిడుతూరు వైపు పోవాలి. ఇప్పుడది నంద్యాల జిల్లా. 1988లో అభయారణ్యమని ప్రకటించేనాటికి కర్నూలు జిల్లాయే. మొత్తం ఆరు చదరపు కిలోమీటర్ల పైచిలుకు. మేము చలికాలంలో వెళ్ళాం. అభయారణ్యమనగానే మావాళ్ళు పులులనూ సెలయేళ్ళనూ ఊహించుకున్నట్టున్నారు. దిగి చూస్తే ఎండుగడ్డి, అక్కడొకటి ఇక్కడొకటి తుమ్మచెట్టు.

"ఇదేనాండీ మీరు చూపిస్తానన్న అడవి?" అంది మా ఆవిడ.

జవాబు వెతుక్కుంటూండగానే గడ్డిలోంచి కృష్ణజింకల మంద లేచి గంతులేసుకుంటూ పోయింది. నన్ను గట్టెక్కించినవి అవే. సాయంకాలం మరో వింత చూశాం. మధ్య ఆసియా నుంచి చలికి వలస వచ్చిన గద్దజాతి పక్షులు ఒక్కొక్కటే వచ్చి, చెట్టెక్కకుండా, ఆ గడ్డిలోనే నేలమీద రాత్రికి మకాం పెట్టాయి.

అయితే రోళ్లపాడును అభయారణ్యం చేసింది జింకల కోసమూ కాదు, గద్దల కోసమూ కాదు. బట్టమేక పిట్ట కోసం. మీటరు ఎత్తు మనిషి, కాదు, పిట్ట. మగదైతే పదిహేను కిలోల దాకా తూగుతుంది. ఏడాదికి సాధారణంగా ఒక్క గుడ్డు, అదీ వట్టి నేలమీద. 1980లలో ఇక్కడ బాగా కనబడేవి. తర్వాత చుట్టుపక్కలకు కాలువనీళ్ళు వచ్చాయి, మెట్టపైర్లు తగ్గాయి. కాపాడిన గడ్డిలో జింకలు పెరిగి చేలమీద పడితే రైతుకు అభయారణ్యమంటేనే ఒళ్ళుమండింది. ఈ మధ్య ఏళ్ళలో పిట్ట జాడ లేదు. దేశం మొత్తంమీద మిగిలినవి నూటయాభై ప్రాంతమేనని అంచనా, అవీ ఎక్కువగా రాజస్థాన్‌లో. ఎవరికోసం ఇల్లు కట్టామో వాళ్ళు తప్ప అందరూ వున్నారు ఆ ఇంట్లో.

లంకమలకు మాత్రం వేసవి సెలవుల చివర వెళ్ళాం. సిద్ధవటం, బద్వేలు ప్రాంతాల మధ్య కొండలివి. పైన ఎర్రచందనం, లోపల లంకమల్లేశ్వరుడు. యాత్రికులంతా కొండవైపు పోతారు. మనకు కావలసినది కొండకింద పొదలున్న బీడు. కలివికోడి వుండేది అక్కడే.

పేరుకే కోడి. గట్టిగా జానెడు పొడుగు వుంటుంది. రొమ్మున రెండు గోధుమరంగు పట్టీలు, పొడుగు కాళ్ళు. పగలు పొదల మాటున దాగి రాత్రి తిరుగుతుంది. తమాషా ఏమంటే, శాస్త్రజ్ఞుల లెక్కలో ఇది సముద్రపు ఒడ్డున పరుగెత్తే ఉల్లంకిపిట్టల వంశమే. చుట్టాలు చాలామంది తీరాన వుంటే ఇది మన కంపల్లో కాపురం పెట్టింది!

జెర్డన్ అనే మద్రాసు సైన్యపు డాక్టరు 1848లో దీన్ని లోకానికి చెప్పాడు. 1900 తర్వాత ఎవరికీ కనబడలేదు. అంతరించిందనే అనుకున్నారు. బొంబాయి సంఘంవాళ్ళు వచ్చి బొమ్మ చూపి అడిగితే మన పిట్టలు పట్టేవాళ్ళు మాత్రం, కలివికోడి కదా, అన్నారు. 1986 జనవరిలో ఒకతను రాత్రివేళ టార్చిలైటు వేసి పట్టి తెచ్చాడు కూడా. ఎనభై తొమ్మిదేళ్ళ సాలీం అలీ దాన్ని చూడాలని పరుగున వచ్చారు. ఆయన వచ్చేసరికి పిట్ట చచ్చిపోయింది. 1988లో అభయారణ్యం వచ్చింది, తపాలాబిళ్ళ మీద బొమ్మా వచ్చింది.

2005లో తెలుగుగంగ కాలువ తవ్వకం ఆ పొదల్లోకే వచ్చింది. ఇక్కడ నాకు నోరు పెగలదు. 1952 కరువులో గంజికేంద్రాల ముందు నిలబడ్డ సీమ ఇది. నీళ్ళు వద్దనడానికి ఎవరికి మనసొప్పుతుంది? అదృష్టవశాత్తు పేచీ కోర్టుదాకా పోయి కాలువ దారి మళ్ళింది. నీళ్ళూ వచ్చాయి. పిట్ట మాత్రం 2009 తర్వాత మాట లేకుండా పోయింది. చివరకు 2025 ఆగస్టులో పక్షుల్ని వెతికే ఒక చిన్న బృందం రాత్రిపూట దాని కూతను మన రాష్ట్రంలోనే విని రికార్డు చేసింది.

ఊరిపక్క మేకలు తోలుకొస్తున్న ఒక ముసలాయన కనబడితే అడిగాను:

"కలివికోడిని చూశావా పెద్దాయనా?"

"మా నాయన చూసినాడంట సామీ. నేనైతే చూల్లేదు. కలివిపండ్లు ఉండాయి, పిల్లోళ్ళకు కావల్నా?"

తువ్వాలు విప్పి దోసెడు పోశాడు. నల్లగా, చిన్నచిన్నవి. పిల్లల నాలుకలు నల్లబడ్డాయి. అటవీశాఖ అనుమతి లేనిదే రాత్రి లోపల వుండనివ్వరు. పొద్దుగుంకేదాకా రోడ్డుపక్కనే నిలబడి చెవులొగ్గి విన్నాం. మేకల గంటలు తప్ప మరేమీ వినబడలేదు. మా చిన్నది మాత్రం తనకు వినబడిందనే అంటోంది.