ఫ్యామిలీ రెస్టారెంట్‌లో మా మామ్మకి చోటేదీ?

హాస్టల్లో ఉండే మనందరికీ ఏడాదికి ఒకటి రెండుసార్లు ఒక ఫోన్ వస్తుంది. "ఒరేయ్, మేమంతా వస్తున్నాం. వైజాగ్ చూపించాలి." అప్పటిదాకా ఈ ఊరు మనకి కొట్టిన పిండే అనుకుంటాం. ఫోన్ పెట్టేశాక తెలుస్తుంది అసలు సంగతి. మనకి తెలిసిన వైజాగ్ అంటే నాలుగు కేఫ్‌లు, రెండు థియేటర్లు, అర్ధరాత్రి దాకా తెరిచి ఉండే ఒక బిర్యానీ పాయింటు. అమ్మానాన్నలని తీసుకెళ్ళే చోటు అందులో ఒక్కటీ లేదు.

మాది కొండకర్ల. అనకాపల్లి జిల్లా, అచ్యుతాపురం మండలం. పక్షులొచ్చే ఆవ ఉంది చూడండి, ఆ ఊరే. వైజాగ్‌కి సుమారు యాభై కిలోమీటర్లు. ఇంత దగ్గరున్నా మా మామ్మ సిటీకి వచ్చింది ఆస్పత్రి పని మీదే తప్ప, చూడ్డానికని ఎప్పుడూ రాలేదు. 2025 ఆగస్టు 15న ఆడవాళ్ళకి ఆర్టీసీ బస్సుల్లో ఉచిత ప్రయాణం మొదలయ్యాక ఆవిడకి హుషారొచ్చింది. "టిక్కెట్టు లేదు గదరా, నీ కాలేజీ, ఆ సముద్రం ఓపాలి సూసెల్తాను" అంది. నాన్న, అమ్మ, అక్క, అక్క కొడుకు నాలుగేళ్ళ బుడ్డోడు, మామ్మ. మొత్తం అయిదుగురు బయల్దేరారు.

నాన్నకి కంపెనీలో వారం సెలవు సోమవారం. కాబట్టి సోమవారమే వచ్చారు. జూకి తీసుకెళ్ళాను. సోమవారం సెలవట. సరే అని బీచ్‌రోడ్‌లో సబ్‌మెరైన్ దగ్గరికి తీసుకెళ్ళాను. అదీ సోమవారం సెలవే! రెండేళ్ళుగా ఈ ఊళ్ళో ఉంటున్న నాకు ఆ ముక్క తెలీదు. మిట్టమధ్యాహ్నం ఎండలో ఇసుక పక్కన నిలబడి మామ్మ అడిగింది, "ఏట్రా, కూకోడానికి నీడే లేదా ఇక్కడ?"

ఆకలేస్తోందని దగ్గర్లో 'ఫ్యామిలీ రెస్టారెంట్' అని పెద్ద బోర్డున్న చోటికి వెళ్ళాం. పేరు చెప్పను, అలాంటివి వీధికొకటి ఉన్నాయి. మెట్లెక్కి ఫస్ట్ ఫ్లోర్‌కి వెళ్ళాలి. రైలింగ్ లేదు. బాత్రూం ఇంకో ఫ్లోర్ పైన. మెనూ మొత్తం ఇంగ్లీషులో. అమ్మ చదవలేక నా మొహం చూసింది. మామ్మ సంచిలోంచి పులిహోర క్యారేజీ తీయబోతే, బయటి తిండి ఇక్కడ తినకూడదన్నారు. మంచినీళ్ళు అడిగితే సీసా తెచ్చి మూత తీసేశారు. బుడ్డోడికి కారం లేనిది ఏమైనా ఉందా అంటే ఫ్రెంచ్ ఫ్రైస్ అన్నారు. బిల్లు చూసి నాన్న ఏమీ అనలేదు. కానీ తరవాత బస్సెక్కే వరకూ ఇంకేమీ కొనలేదు.

సాయంత్రం కాంప్లెక్స్‌లో మామ్మ నా చెయ్యి పట్టుకుని, "బాగానే ఉందిరా నాయినా. ఇంక నాను రాను" అంది. కోపంగా అనలేదు. అందుకే ఇంకా మనసులో ఉండిపోయింది.

ఆ రోజు నుంచి నాకో అభిప్రాయం బలపడింది. మన ఊళ్ళలో 'ఫ్యామిలీ' అనే మాటకి అర్థం మారిపోయింది. ఆ బోర్డుకి ఇప్పుడున్న అర్థం ఇంతే: ఏసీ ఉంటుంది, మందు ఉండదు, రేటు ఎక్కువుంటుంది. కుటుంబం అంటే ఒక నాన్న, ఒక అమ్మ, ఇద్దరు పిల్లలు, ఒక కారు అని వాళ్ళ లెక్క. మోకాళ్ళ నొప్పులున్న మామ్మ, చంకలో పిల్లాడున్న అక్క, బస్సు దిగి నడిచొచ్చే నాన్న ఆ లెక్కలో లేరు.

నా లెక్క వేరు. ఒక చోటు కుటుంబానికి పనికొస్తుందో లేదో తేల్చాల్సింది అందరికంటే ముందు అలిసిపోయేవాళ్ళు. వాళ్ళ తరఫున అయిదు ప్రశ్నలు అడిగితే చాలు. మెట్లెన్ని? బాత్రూం ఎక్కడ, శుభ్రంగా ఉందా? కాసేపు ఊరికే కూర్చోనిస్తారా? డబ్బుల్లేకుండా మంచినీళ్ళు దొరుకుతాయా? ఏముందో, ఎంతో తెలుగులో రాసుందా? వీటికి జవాబు దొరకని చోటికి గూగుల్‌లో ఎన్ని స్టార్లున్నా నాకు అక్కర్లేదు.

ఈ ప్రశ్నలతో వైజాగ్‌ని మళ్ళీ చూస్తే కొన్ని తమాషాలు బయటపడతాయి. ఉదాహరణకి, అందరూ మొదట చెప్పే కురుసుర సబ్‌మెరైన్. 1969లో నేవీలో చేరి 2001లో రిటైరై, 2002 నుంచి మ్యూజియంగా ఉంది. పిల్లలకి అద్భుతం. కానీ లోపల గుండ్రటి ద్వారాల్లోంచి తల వంచి, కాలెత్తి దూరాలి. మోకాళ్ళు అరిగినవాళ్ళకి అది శిక్ష. జూ 1977 నాటిది, ఆరొందల ఎకరాల పైచిలుకు. నీడకి నీడ, చెట్టుకి చెట్టు. కానీ మొత్తం నడవాలంటే మనకే కాళ్ళు లాగుతాయి. పెద్దవాళ్ళని బ్యాటరీ బండి ఎక్కించాలి, లేదా రెండు జంతువుల దగ్గర ఆపేయాలి. కైలాసగిరి నయం. పైదాకా బండి వెళ్తుంది, అక్కడ టాయ్ ట్రైన్‌లో కూర్చుంటే సముద్రం, ఊరు అన్నీ కూర్చున్న చోటి నుంచే కనిపిస్తాయి. బీచ్ అయితే పొద్దున్నే వెళ్ళాలి, లేదా నాలుగున్నర దాటాక. మధ్యాహ్నం ఆ ఇసుక మీదకి పెద్దవాళ్ళని తీసుకెళ్ళేవాడికి నాలాగే చివాట్లు పడాలి.

తిండికొస్తే, మనం చిన్నచూపు చూసే పాతకాలం టిఫిన్ హోటళ్ళే ఈ పరీక్షలో పాసవుతున్నాయి. ద్వారకానగర్ సాయిరాం పార్లర్ లాంటివి చెప్తున్నాను. బస్సు దిగితే నడిచెళ్ళేంత దూరం, ఏం కావాలో అందరికీ తెలిసిన పేర్లే. ఇడ్లీ బుడ్డోడికీ పనికొస్తుంది, మామ్మకీ పనికొస్తుంది. ఇంకోటి సింహాచలం. కొండ మీదకి బస్సు ఉంది, దేవస్థానం నిత్యాన్నదానం ఉంది. అక్కడ మెనూ కార్డు లేదు, బిల్లు లేదు, "ఇంకొంచెం వెయ్యమంటారా" అనే మాట ఉంది. సాయంత్రం బీచ్‌లో మురీ మిక్చర్, టమాటా బజ్జీ, కాల్చిన మొక్కజొన్న పొత్తు. నలుగురు తిన్నా వంద, నూటయాభైలో తేలిపోతుంది.

మా రూమ్మేట్ దీనికి అడ్డం తగిలాడు. "హోటల్ వాడేం ధర్మసత్రం పెట్టాడా? అద్దె కట్టాలి, జీతాలివ్వాలి. అందరూ క్యారేజీలు తెచ్చుకుని కూర్చుంటే వాడు మునిగిపోడా?" అన్నాడు. నిజమే. క్యారేజీ విషయంలో నేను ఒప్పుకుంటాను. కానీ మెట్లకి ఒక రైలింగ్, గోడ మీద తెలుగులో రేట్లు, జగ్గుతో నీళ్ళు, కింద పెద్దవాళ్ళకి ఒక టేబులు. వీటికి ఎంతవుతుంది? లోపల పెట్టిన ఆ సెల్ఫీ గోడకి అయినంత అవుతుందా? ఖర్చు కాదు అడ్డం, మనలాంటి వాళ్ళు వస్తారని వాళ్ళు అనుకోకపోవడమే అడ్డం.

ప్రభుత్వాల సంగతీ అంతే. ఫొటోలో పడే వాటికి రిబ్బన్లు కట్ చేస్తారు, బెంచీకి, బాత్రూంకి ఎవరూ చెయ్యరు. కానీ చెయ్యలేరని కాదు. రుషికొండ బీచ్‌కి 2020లో బ్లూ ఫ్లాగ్ వచ్చింది. అది రావాలంటే నీళ్ళు శుభ్రంగా ఉండాలి, బాత్రూములు ఉండాలి, నడవలేనివాళ్ళకి దారి ఉండాలి. అంటే తలుచుకుంటే మన దగ్గరే అవుతుంది. ఆడవాళ్ళకి బస్సు ఉచితం చేసి ఇంటి గడప దాటించారు, సంతోషం. దిగిన తరవాత నాలుగు గంటల పాటు వాళ్ళు ఎక్కడ కూర్చోవాలి, బాత్రూంకి ఎక్కడికెళ్ళాలి? పథకంలో రెండో సగం అదే కదా.

ఇంతా చెప్పి మా ఊరిని వదిలేస్తే అన్యాయం. శీతాకాలం ఆదివారాలు సిటీ నుంచి కార్లలో కుటుంబాలు మా ఆవ చూడ్డానికి వస్తాయి. తెల్లారి మంచులో, రెండు తాటిమొద్దులు తొలిచి జతకట్టిన దోనె మీద తామరాకుల మధ్యకి వెళ్తే కొంగలు, నీలికోళ్ళు చేతికందేంత దగ్గరగా ఉంటాయి. మరి నా అయిదు ప్రశ్నలు మా ఊరినే అడిగితే? ఆ వచ్చిన ఆడవాళ్ళు బాత్రూం కోసం మా ఇంటి తలుపు కొట్టిన రోజులున్నాయి. అమ్మ ఎప్పుడూ కాదనలేదు, కానీ అడిగేటప్పుడు వాళ్ళ మొహాల్లో మొహమాటం నేను చూశాను. ఆ రోజు రెస్టారెంట్‌లో మా అమ్మ మొహంలో ఉన్నది కూడా అదే.

కొందరు మా ఊరికి ఫుడ్ కోర్టు రావాలంటారు, స్పీడ్ బోట్లు రావాలంటారు. నాకు అది ఇష్టం లేదు. ఆ చప్పుడికి ముందు పక్షులు వెళ్ళిపోతాయి, ఆ వెనకే దోనె నడిపేవాళ్ళ జీవనం పోతుంది. మాకు కావలసింది ఒక శుభ్రమైన బాత్రూం, నాలుగు బల్లలున్న ఒక షెడ్డు, ప్లాస్టిక్ ప్లేట్లు వెయ్యడానికి ఒక తొట్టి. వచ్చేవాళ్ళ నుంచి కోరేది ఒక్కటే, ఆ తొట్టి వాడమని. వైజాగ్‌కైనా కొండకర్లకైనా కావలసింది ఒకటే రకం వస్తువులు. అన్నీ చిన్నవే.

మొన్న సంక్రాంతి సెలవుల తరవాత మామ్మని మళ్ళీ బతిమాలాను. ఈసారి నాన్న షిఫ్టు మార్చుకున్నారు, ఆదివారం వచ్చారు. ముందు రోజే నేనొక్కడినీ వెళ్ళి మెట్లు లెక్కపెట్టి, బాత్రూములు చూసి వచ్చాను. ఫ్రెండ్స్ నవ్వారు. పొద్దున ఇడ్లీ, తరవాత సింహాచలం, అక్కడే భోజనం, సాయంత్రం బీచ్. నాన్న, బుడ్డోడు సబ్‌మెరైన్‌లోకి దూరారు. మామ్మ, నేను గట్టు మీద కూర్చుని మురీ మిక్చర్ తిన్నాం. చాలాసేపు సముద్రం చూసి, "మన ఆవకి దరి కనపడతాదిరా. దీనికి లేదేటి?" అంది. బస్సెక్కేటప్పుడు ఇంక రానని మాత్రం అనలేదు.

మీ ఇంటి నుంచి కూడా ఆ ఫోన్ వస్తుంది. "ఇక్కడేముంది చూడ్డానికి" అని తప్పించుకోకండి. మీకు నచ్చిన కేఫ్‌కి ఈడ్చుకెళ్ళి ఫొటో తీసి పెట్టకండి. ముందు రోజు ఒక గంట కేటాయించి మెట్లు లెక్కపెట్టి రండి. తిన్న చోట కౌంటర్ దగ్గర ఆగి, "అన్నా, తెలుగులో మెనూ పెట్టండి, ఇక్కడొక రైలింగ్ వేయించండి" అని ఒక్క మాట అనండి. ఒకడంటే నవ్వి ఊరుకుంటారు. ఈ ఊళ్ళో మనలాంటి హాస్టల్ పిల్లలు వేలల్లో ఉన్నాం. అందరం అంటే వింటారు.

ఇంకో మాట. సోమవారం మాత్రం రమ్మనకండి.