పటం కావాలి, పటంలోని కులం వద్దా?

చిక్కడపల్లిలో నేను అద్దెకుంటున్న గదికి నగర కేంద్ర గ్రంథాలయం నడక దూరమే. ఉద్యోగ పరీక్షలకు చదివే యువతీయువకులు ఆ ఆవరణలోనూ, అశోక్‌నగర్ టీ బండ్ల దగ్గరా ఒకరినొకరు ప్రశ్నలు అడుగుకుంటూ కనిపిస్తారు. ఒక సాయంత్రం ఒక విద్యార్థి అడిగాడు: ‘జీఐ గుర్తింపు పొందిన నకాషీ చిత్రకళ ఏ ఊరిది?’ పక్కనున్నవాడు వెంటనే ‘చేర్యాల’ అన్నాడు. జవాబు సరైనదే. కానీ ఆ చిత్రాలను ఎవరి కోసం గీశారు, వాటి ముందు నిలబడి ఎవరు పాడారు అన్న ప్రశ్న ఏ బిట్ బ్యాంకులోనూ నాకు కనబడలేదు. మన బడులూ, కళా సంతలూ కూడా సరిగ్గా ఆ ప్రశ్న ముందే ఆగిపోతున్నాయి. పన్నెండేళ్లుగా ఆ రెండు చోట్లా పనిచేస్తున్న చిత్రకారుడిగా ఈ మాట అంటున్నాను.

చేర్యాల పటం గోడకు అలంకారంగా పుట్టలేదు. అది కులపురాణానికి దృశ్యరూపం. పద్మశాలీలకు మార్కండేయ పురాణం చెప్పే కూనపులివారు, చాకలివారికి మడేలు పురాణం చెప్పే పటంవారు, ముదిరాజులకు పాండవుల కథ చెప్పే కాకిపడగలవారు, మాదిగలకు జాంబ పురాణం చెప్పే డక్కలివారు తమ పటాలను నకాషీల చేత రాయించుకున్నారు. ఖద్దరు బట్టకు గంజి, సుద్దమట్టి, చింతగింజల జిగురు పూసి, ఎర్రటి నేపథ్యం మీద గడులు తీర్చి, పైనుంచి కిందికి కథ నడిపించారు. నకాషీ గీయాలి, గాయకుడు చూపుతూ పాడాలి, వినే కులం ప్రతిఫలం చెల్లించాలి. ఈ మూడు చేతులూ కలిస్తేనే అది పటం. నేడు బడికీ సంతకూ చేరుతున్నది మొదటి చేతి పనిలోని ఒక ముక్క మాత్రమే.

నేను మాదిగవాడలో పుట్టాను. ఫైన్ ఆర్ట్స్ డిగ్రీ ముగిశాక చేర్యాలలో ఒక నకాషీ కుటుంబం దగ్గర కూర్చుని మట్టిపూత నేర్చుకున్నాను. కొన్నేళ్ల క్రితం నగరంలోని ఒక ప్రైవేటు పాఠశాల పది రోజుల రెసిడెన్సీకి పిలిచింది. ఏడో తరగతి పిల్లలతో జాంబ పురాణం గీయించడం మొదలుపెట్టాను. భూమి పుట్టక ముందే పుట్టిన ఆది జాంబవుడి కథ పిల్లలను కట్టిపడేసింది. ‘అందరికంటే ముందు పుట్టినవాడి పిల్లలు ఊరి చివర ఎందుకున్నారు సార్?’ అని ఒక అమ్మాయి అడిగింది. నాలుగేళ్ల ఫైన్ ఆర్ట్స్ చదువులో నన్నెవరూ అడగని ప్రశ్న అది.

మూడో రోజు నిర్వాహకులు నన్ను గదిలోకి పిలిచి, ‘కథ చాలా బాగుంది. కులాల పేర్లు మాత్రం వద్దు. జానపద కథ అంటే చాలు’ అన్నారు. మర్యాదగానే అన్నారు. పదో రోజు ప్రదర్శనలో గోడ మీద ‘ఫోక్ ఆర్ట్’ అని రాసి ఉంది. మాదిగ అన్న మాట లేదు, డక్కలి అన్న మాట లేదు, నా పేరూ లేదు. రంగుల ఖర్చు, బట్ట ఖర్చు నా పారితోషికంలోనే కలిపేశారు. అదేమని అడిగితే, ఈ పనితో నాకు మంచి గుర్తింపు వస్తుందన్నారు. గుర్తింపు ఇస్తామన్న చోటే నా గుర్తింపు చెరిగిపోయింది.

సంతల అనుభవం ఇంతకంటే భిన్నంగా లేదు. ఆరుబయట జరిగిన ఒక కళా సంతలో రెండు రోజులకు 5 వేల రూపాయలు కట్టి స్టాలు తీసుకున్నాను. తాళాల గుత్తులూ, చిన్న ముసుగులూ అడిగినవారే ఎక్కువ. జాంబవుడి పటాన్ని ఒకాయన చాలాసేపు మెచ్చుకున్నారు. ‘ఈ దేవుడెవరు?’ అన్నారు. మాదిగల మూలపురుషుడని చెప్పాను. పటాన్ని మెల్లగా బల్ల మీద పెట్టి, రాధాకృష్ణులు ఉన్నారా అని అడిగారు. రెండో రోజు సాయంత్రం వాన పడింది. మట్టిపూతకు నీరే శత్రువు. మూడు పటాలు పాడయ్యాయి. స్టాలు అద్దెలో ఒక్క రూపాయి తగ్గలేదు. నష్టమంతా కళాకారుడిది, ఉత్సవం మాత్రం నగరానిది.

పసివాళ్ల మనసుల్లో కులాన్ని నాటడమెందుకని మిత్రులు కొందరు అంటారు. ఆ ఆందోళనను నేను తేలిగ్గా తీసుకోను. కులపురాణాలన్నీ విముక్తి గీతాలు కావు, హెచ్చుతగ్గుల నిచ్చెనలు వాటిలోనూ ఉన్నాయి. అందుకే వాటిని పూజించమని కాక, ప్రశ్నిస్తూ చదవమని కోరుతున్నాను. కులం బడిలో ఇప్పటికే ఉంది. ప్రవేశ దరఖాస్తులో ఉంది, ధ్రువపత్రంలో ఉంది, అశోక్‌నగర్‌లో నింపే ప్రతి ఉద్యోగ దరఖాస్తులో ఉంది. అది జ్ఞానంగా, సృజనగా కనిపించే చోట మాత్రమే దాన్ని దాచిపెట్టమంటున్నాం. అంటే మనం చెరిపేస్తున్నది కులాన్ని కాదు, కింది కులాల కర్తృత్వాన్ని.

ఇక్కడ నా వైపు కూడా వేలు చూపుకోవాలి. డక్కలివారు మా పురాణాన్ని తరతరాలుగా మోశారు. అయినా అంటరానితనపు బాధ తెలిసిన మా వాడే వారిని గడప బయట నిలబెట్టింది. నేను అమ్మిన జాంబ పురాణపు పటంలో ఆ గాయకుడి వాటా ఎంత? చాలాకాలం ఆ లెక్క నేనూ వేయలేదు. డక్కలి కులానికి చెందిన కిన్నెర కళాకారుడు దర్శనం మొగులయ్యకు 2022లో పద్మశ్రీ వచ్చింది. 2024లో ఆయన కూలిపనికి వెళుతున్నారన్న వార్తను పత్రికల్లో చదివాం. బిరుదుకూ బతుకుకూ మధ్య ఉన్న ఆ దూరమే మన కళావిధానం.

చట్టాల్లో దారి లేక కాదు. 6 నుంచి 8 తరగతుల్లో వందమందికి పైగా పిల్లలున్న బడిలో కళావిద్యకు పార్ట్‌టైమ్ బోధకులుండాలని 2009 నాటి విద్యాహక్కు చట్టం షెడ్యూలు చెబుతోంది. ప్రతి పాఠశాలలో లేదా పాఠశాలల సముదాయంలో రెసిడెన్సీ కళాకారులుండాలన్నది 2020 జాతీయ విద్యా విధానం లక్ష్యం. స్థానిక కళాకారులను, చేతివృత్తులవారిని బోధకులుగా తీసుకోవాలని కూడా అది అంటుంది. కాగితం మీది ఈ మాట ఆచరణలో ఒకరోజు ‘డెమో’గా కుదించుకుపోతోంది. సర్టిఫికెట్ ఉన్నవారు గురువులవుతున్నారు, కళను పుట్టించినవారు ప్రదర్శన వస్తువులవుతున్నారు.

ఆర్థిక మాంద్యపు రోజుల్లో, 1935లో, అమెరికా ప్రభుత్వం ఫెడరల్ ఆర్ట్ ప్రాజెక్టు ద్వారా కళాకారులకు వేతనాలిచ్చి పని కల్పించింది. ఆ పథకం కింద 1937లో ప్రారంభమైన హార్లెం కమ్యూనిటీ ఆర్ట్ సెంటర్‌కు తొలి సారథి నల్లజాతి శిల్పి అగస్టా శావేజ్. అక్కడ పిల్లలకు కళ నేర్పినవారిని అతిథులుగా కాక శ్రామికులుగా చూశారు.

మనమూ ఆ మాత్రం చేయగలం. రెసిడెన్సీకి పిలిచే బడి చిత్రకారుడితో పాటు కథ చెప్పే గాయకుడినీ పిలవాలి. ఇద్దరికీ రోజువారీ వేతనం, సామగ్రి ఖర్చు విడివిడిగా లిఖితపూర్వకంగా ఇవ్వాలి. సాంఘిక సంక్షేమ గురుకులాల నుంచే ఇది మొదలుకావాలి, ఎందుకంటే ఆ పురాణాల వారసులు అక్కడే చదువుతున్నారు. సంతల్లో ఆశ్రిత కులాల కళాకారులకు స్టాలు అద్దె మినహాయించాలి, వానకు తడవని చోటివ్వాలి. పటం పక్కన గీసినవారి పేరు, పాడే కులం పేరు, వినే కులం పేరు రాయాలి.

గ్రంథాలయం మెట్ల మీద చదువుకుంటున్న మిత్రులకు ఒక విన్నపం. రేపు మీలో కొందరు విద్యాశాఖలో, సాంస్కృతిక శాఖలో ఆ ఫైళ్ల మీద సంతకాలు చేస్తారు. నకాషీ చిత్రాలు ఏ ఊరివో మీకు తెలుసు. అవి ఎవరివో కూడా గుర్తుంచుకోండి.