లంచమిచ్చే చేయి

"ఇచ్చేవారుండబట్టే పుచ్చుకొనేవారున్నారు" అన్న మాట మన కార్యాలయాలలో తరచు వినవస్తుంది. వినడానికి న్యాయంగా తోచినా, ఇది పుచ్చుకొనేవాని నేరాన్ని నిస్సహాయుని నెత్తిన రుద్దే వాదం.

1962లో కేంద్ర ప్రభుత్వం నియమించిన సంతానం సంఘం, 1964 నాటి తన నివేదికలో ఒక సత్యాన్ని గుర్తించింది. పెక్కు సందర్భాలలో పౌరుడు లంచమిచ్చేది అక్రమ లాభం కోసం కాదు; న్యాయంగా జరగవలసిన పని త్వరగా జరగడానికి మాత్రమే. కార్యాలయం చుట్టూ తిరిగిన ప్రతి రోజూ కూలివాడు ఆనాటి కూలి కోల్పోతాడు. అతనికి లంచం కంటే ఆలస్యమే ఖరీదైనది. నిబంధన ఏమిటో, గడువు ఎంతో తెలియనప్పుడు గుమాస్తా మాటే అతనికి చట్టం.

మన రైల్వేల అనుభవమే ఇందుకు నిదర్శనం. రిజర్వేషన్లు రిజిస్టర్లలో వ్రాసిన రోజులలో ఖాళీ బెర్తు సంగతి గుమాస్తాకే తెలిసేది. 1980 దశకం మధ్యలో కంప్యూటర్లు ప్రవేశించాక ఆ గోప్యత చాలావరకు తొలగింది. కాని బెర్తుల కొరత తీరలేదు. కనుకనే దళారీ మిగిలాడు. గోప్యత, కొరత - ఈ రెండే లంచానికి తల్లివేర్లు.

2018 నాటి సవరణ లంచమిచ్చేవానిని కూడా నేరుగా నేరస్థునిగా చేసింది. బలవంతాన ఇచ్చినవాడు 7 రోజులలో ఫిర్యాదు చేస్తేనే అతనికి రక్షణ. రేపు మళ్ళీ అదే కిటికీ ముందు నిలవవలసిన పేదవాడు ఫిర్యాదుకు సాహసించగలడా? శిక్షాభయం కంటే నిర్ణీత గడువు మేలు. గడువు దాటితే అధికారికి జరిమానా విధించే చట్టాన్ని మధ్యప్రదేశ్ 2010లోనే చేసింది.

ఖాళీలు భర్తీ చేయాలని మనం పోరాడుతున్నాము. సిబ్బంది కొరత వలన పని ఆలస్యమవుతున్నదన్నది వాస్తవం. అయితే ఆ ఆలస్యాన్ని అమ్ముకొనే హక్కు మనలో ఎవరికీ లేదు. ముసలమ్మ పింఛను మనియార్డరులో పట్టుకొన్న రెండు రూపాయలు "మామూలు" కాదు. ఆమె పూట గంజి.

సోదర ఉద్యోగులారా! బిడ్డ ఆదాయ ధ్రువపత్రం కోసం మనమూ మరొక కిటికీ ముందు చేయి చాచి నిలిచేవారమే. అన్యాయంగా శిక్షింపబడిన ఉద్యోగికి సంఘం అండ, లంచగొండికి కాదు. ప్రతి కౌంటరు వద్ద రుసుము, గడువు, ఫిర్యాదు స్వీకరించే అధికారి హోదా తెలుగులో వ్రాసి పెట్టించడం మన శాఖల తక్షణ కర్తవ్యం. ప్రజల విశ్వాసం లేనిదే మన పోరాటాలకు ప్రజల మద్దతు లేదు.